తేనెపట్టు ఆశ్రమం కాదు

ఇటీవలి ప్రవచనాలలో ఒక దృష్టాంతం మరీ మరీ వినవస్తున్నది. తేనెటీగ తనకంటూ ఏమీ దాచుకోదట. చీమ తన సమూహం కోసమే శ్రమిస్తుందట. చెద పుట్ట కట్టి పేరు కోరదట. కావున గీతాచార్యుడు మనుష్యునికి పద్దెనిమిది అధ్యాయాలలో బోధించవలసి వచ్చిన నిష్కామకర్మ ఈ క్షుద్రప్రాణులకు పుట్టుకతోనే సిద్ధించిందట. సేవాశిబిరాలలో యువకులకు, కులసంఘాల సభలలో బంధుజనానికి, పెండ్లి పందిళ్ళలో కొత్తకోడళ్ళకు ఈ మాటను ఒకే గరిటెతో వడ్డిస్తున్నారు. వినడానికి ఇది మధురమే. కానీ జీవశాస్త్రం దీనిని అంగీకరించదు; వేదాంతశాస్త్రం అసలే అంగీకరించదు. పైగా దీనివలన కలిగే హాని చిన్నది కాదు. ఎవరిచేత ప్రశ్న లేకుండా పని చేయించుకోదలచారో వారి మెడలో దీనిని ధర్మమాలగా వేస్తున్నారు.

ముందుగా వేదాంతదృష్టిలోని దోషం. నిష్కామకర్మకు మొదట కావలసినది కామన. కామన కలిగి, దాని ఫలం ఎదుట కనబడుతుండగా, వివేకంతో దానిని విడిచి, కర్తవ్యాన్ని కర్తవ్యంగా ఆచరించడం నిష్కామత్వం. విడువగలిగే సామర్థ్యం లేనిచోట త్యాగశబ్దానికి అర్థం లేదు. రాయి అన్నం తినదు గనుక రాయి ఉపవాసం ఉన్నదని ఎవరూ అనరు. పశుపక్షికీటకాదులను పెద్దలు భోగయోనులన్నారు. విధినిషేధాలకు అవి అధికారులు కావు. శంకరభగవత్పాదులు అధ్యాసభాష్యంలో ఇంకా కఠినంగా మాట్లాడారు. కర్ర ఎత్తి వచ్చేవానిని చూచి పశువు పారిపోతుంది, పచ్చగడ్డి పట్టుకొని వచ్చేవాని దగ్గరకు చేరుతుంది. పండితులైన మనుష్యుల లోకవ్యవహారం కూడా ఇంతకంటె భిన్నం కాదని ఆయన నిర్ణయం. మనిషి వ్యవహారం పశుస్థాయిలో ఉన్నదని ఆచార్యులు హెచ్చరిస్తుంటే, నేటి ప్రవచనకర్తలు పురుగు వ్యవహారాన్ని జీవన్ముక్తుని స్థాయికి ఎత్తుతున్నారు.

ఈ దృష్టాంతాన్ని పరీక్షించడానికి ఓరుగల్లు సీమను మించిన చోటు లేదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడివడినప్పుడు పాలకుర్తి మండలం జనగామ జిల్లాలో చేరింది. ఆ ఒక్క మండలంలోనే సోమనాథకవి పాలకుర్తి, పోతనామాత్యుని బమ్మెర, వాల్మీకి తపోభూమిగా స్థానికులు కొలిచే వల్మిడి గుట్ట ఉన్నాయి. (పోతన ఒంటిమిట్టవాడా, బమ్మెరవాడా అన్న పాత తగవు ఇక్కడ అక్కరలేదు.) వల్మిడి పేరులో వాల్మీకి ఉన్నాడన్నది అక్కడివారి విశ్వాసం. వాల్మీకి పేరులో వల్మీకం ఉన్నదన్నది వ్యాకరణం. వల్మీకమనగా పుట్ట, పుట్టను కట్టేది చెద.

తెలుగువారికి పుట్టతో ఉన్న అనుబంధం సామాన్యమైనది కాదు. శ్రావణంలో నాగుల పంచమినాడు దానిలో పాలు పోస్తారు. శుభకార్యాలలో అంకురార్పణకు పాలికలలో పుట్టమన్ను నింపి నవధాన్యాలు చల్లుతారు. వానలు పడిన తరువాత దానిపై మొలిచేదానికి పుట్టగొడుగు అని పేరు. ఆ పేరు ఊరకే రాలేదు. చెదలు పుట్టగర్భంలో ఒక శిలీంధ్రాన్ని తోటవలె పెంచి, దానిని ఆహారంగా గ్రహిస్తాయి. ఆ తోటలోనుండి గొడుగు నేలపైకి లేస్తుంది. ఇంత నిర్మాణం చెదలది, పూజ మాత్రం పాముకు. శ్రమించేవారు ఒకరు, హారతి అందుకునేవారు ఒకరు అన్న ఈ సంగతిని మాత్రం సేవాశిబిరాలలో ఎవరూ దృష్టాంతంగా చెప్పరు!

అధ్యాత్మరామాయణం అయోధ్యాకాండలో వాల్మీకి తన పూర్వవృత్తాంతాన్ని శ్రీరామునికి స్వయంగా నివేదిస్తాడు. భార్యాపుత్రులను పోషించడానికి అడవిలో దారిదోపిడి చేసే రోజులలో అతనికి సప్తర్షులు ఎదురైనారు. వారు శపించలేదు, ఉపదేశమూ చేయలేదు. ఒక్క ప్రశ్న అడిగారు: ఈ పాపంలో నీవారు భాగం పంచుకొంటారేమో ఇంటికి పోయి కనుక్కొని వస్తావా? అతడు వెళ్ళి అడిగాడు. పాపం నీదే, మేము నీవు తెచ్చినదానిని అనుభవించేవారం మాత్రమే అన్నారు ఇంటివారు. ఆ సమాధానం విని తిరిగి వచ్చిన తరువాతనే జపం. జపం తరువాతనే వల్మీకం.

భక్తులు ఈ కథలో నామమహిమను దర్శిస్తారు. దర్శించవలసినదే. కానీ నామానికి ముందున్న ప్రశ్నను వదిలివేస్తే కథ సగమే మిగులుతుంది. ఆ భార్యాపుత్రులు దుర్మార్గులు కారు. కుటుంబమనే వ్యవస్థలో దాగి ఉన్న లెక్కను దాచకుండా చెప్పారు, అంతే. లాభం ఉమ్మడి, భారం ఎవరిది వారిది. ఈ లెక్క ఎంత ప్రాచీనమైనదో, ఎంత లోతుకు పాతుకొన్నదో జీవశాస్త్రజ్ఞులు కీటకాల గూళ్ళలోనే కనుగొన్నారు.

1859లో డార్విన్ తన గ్రంథంలో సంతానం లేని కూలి చీమలను తన సిద్ధాంతానికి ఎదురైన ఒక ప్రత్యేకమైన చిక్కుగా పేర్కొన్నాడు. పిల్లలను కననిదాని గుణం తరువాతి తరానికి ఎట్లా సంక్రమిస్తుంది? కుటుంబాన్ని ఒక ప్రమాణంగా తీసుకొంటే చిక్కు విడుతుందని ఆయనే సూచించాడు. తరువాతి మాట జె.బి.ఎస్. హాల్డేన్‌ది. 1957లో ఇంగ్లండు విడిచి వచ్చి, భారత పౌరసత్వం స్వీకరించి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన మేధావి ఈయన. తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణ ఈయన శిష్యుడు. నీటిలో కొట్టుకొనిపోతున్నవానిని కాపాడే గుణం వంశంలో నిలవాలంటే ఆ మునిగేవాడు ఎంత దగ్గరి చుట్టమన్నది లెక్కకు వస్తుందని హాల్డేన్ 1955లో రాశాడు. ఆయన మరణించిన 1964లోనే విలియం హామిల్టన్ ఆ లెక్కను పూర్తిచేశాడు. సహాయం వలన బంధువుకు కలిగే లాభాన్ని బంధుత్వపు పాలుతో గుణించాలి. వచ్చిన ఫలం సహాయకుని నష్టాన్ని మించితే ఆ సహాయగుణం తరతరాలుగా నిలుస్తుంది, లేకపోతే నశిస్తుంది.

ఈ సూత్రంతో జయశంకర్ భూపాలపల్లి అడవులలోని తేనెపట్టును చూడవచ్చు. తేనెటీగలలో ఆడవి తల్లిదండ్రులిద్దరి అంశతో, మగవి అనగా పోతుటీగలు తండ్రి లేని గుడ్డు నుండి పుడతాయి. అందువలన ఒకే తండ్రికి పుట్టిన అక్కచెల్లెండ్ల మధ్య బంధుత్వం నాలుగింట మూడు పాళ్ళు. తన సొంత బిడ్డతో సగం పాలే. సోదరునితో నాలుగవ పాలు మాత్రమే. చెల్లెలు కూతురికంటె దగ్గర! కూలి ఈగ తల్లి ఇంటనే ఉండి చెల్లెండ్రను పెంచడంలో ఆశ్చర్యమేమున్నది? అది వైరాగ్యం కాదు. తన అంశను మరింత లాభసాటి చోట పెట్టడం.

అయితే కథ ఇంతటితో ముగిస్తే అది కూడా ఒక ప్రవచనమే అవుతుంది. రాణి ఈగ ఒక్క పోతుటీగతో ఆగదు. ఎత్తైన చెట్లకు ఒకే ఒక పెద్ద పట్టును వ్రేలాడదీసే మన అడవి తేనెటీగలలో రాణి పదుల సంఖ్యలో పోతుటీగలతో కలుస్తుంది. అప్పుడు పట్టులోని ఈగలు ఎక్కువభాగం సవతి అక్కచెల్లెండ్రు. వారి బంధుత్వం నాలుగవ పాలుకు పడిపోతుంది. ఇక్కడ కలహం పుడుతుంది. కూలి ఈగకు మగవానితో సంగమం లేకపోయినా అండాశయం ఉన్నది. గుడ్డు పెడితే పోతుటీగ పుడుతుంది. తన కొడుకు తనకు సగం పాలు. రాణి కొడుకు, అనగా సోదరుడు, నాలుగవ పాలు. సవతి చెల్లెలి కొడుకు ఎనిమిదవ పాలు మాత్రమే. కాబట్టి ప్రతి కూలి ఈగ లెక్కలోనూ తాను గుడ్డు పెట్టడం లాభం, పక్కది గుడ్డు పెట్టడం నష్టం. ఫలితం ఏమిటి? కూలి ఈగలు ఒకదాని గుడ్లను మరొకటి వెదకి తినివేస్తాయి. 1989లో రాట్నీక్స్, విషర్ అను శాస్త్రజ్ఞులు ఈ పరస్పర నిఘాను తేనెటీగలలో ప్రయోగపూర్వకంగా చూపించారు. పట్టులో కనిపించే ఆ సామరస్యానికి వెనుక ఉన్నది సమర్పణ కాదు, కావలి.

రాణి సంగతి కూడా ప్రవచనాలలో తారుమారుగా చెప్పబడుతున్నది. ఆమె ఆజ్ఞాపించదు, పాలించదు. గుడ్లు పెట్టడం ఆమె పని. గుడ్లు తగ్గిననాడు కూలి ఈగలే వేరొక పిల్లకు ప్రత్యేకాహారం పెట్టి కొత్త రాణిని తయారుచేస్తాయి. ఒక్కొక్కప్పుడు పాత రాణిని ముద్దగా చుట్టుముట్టి చంపుతాయి. తేనెపట్టును ఆశ్రమానికి ఆదర్శంగా చూపే పెద్దలు ఈ భాగాన్ని కూడా ఆదర్శంగా స్వీకరిస్తారేమో తెలియదు. కనీసం గుడ్ల తనిఖీవంటి లెక్కల తనిఖీకైనా వారు అంగీకరించవలసి ఉంటుంది. ప్రశ్నించని సేవకుడు ఏ తేనెపట్టులోనూ దొరకడు.

బంధుత్వమొక్కటే సర్వం కాదన్న సంగతి కూడా మన దేశంలోనే స్పష్టపడింది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలుగా పరిశీలించిన రోపాలిడియా మార్జినేటా అను కందిరీగ ఇండ్ల చూరులలో కాగితంవంటి గూడు కడుతుంది. దానిలో రాణికి, కూలికి పుట్టుకతో భేదం లేదు. ఏ కూలి అయినా రాణి కాగలదు. రాణి సాధుస్వభావి, దాదాపు కదలకుండా ఉంటుంది. ఆమెను గూటి నుండి తొలగిస్తే కొద్ది నిమిషాలలోనే ఒక కూలి కందిరీగ ఉగ్రరూపం దాల్చి, తక్కినవాటిని అదుపు చేసి, రోజులు గడిచేకొద్దీ తానే సాధువైన రాణిగా మారుతుంది. పరాయి గూళ్ళ లేత కందిరీగలను కూడా ఈ గూళ్ళు చేర్చుకోవడం గమనించారు. ఒంటరిగా గూడు కట్టిన తల్లి మధ్యలో చనిపోతే పిల్లలన్నీ నశిస్తాయి. గుంపులో చేరి కొంత సాయం చేసి చనిపోతే ఆ కొంత శ్రమకైనా ఫలం దక్కుతుంది. గడగ్కర్ 1990లో ప్రతిపాదించిన ఈ వాదంలో బంధుత్వం కంటె ఫలం యొక్క భద్రత ముఖ్యం. నిష్కామత్వానికి ఇంతకంటె దూరమైన మాట ఉండబోదు! ఈ విషయాలలో శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం ఉన్నదని కూడా అనుకోరాదు. 2010లో నొవాక్, టార్నిటా, విల్సన్ అను ముగ్గురు బంధుత్వవాదాన్ని తోసిపుచ్చగా, మరుసటి ఏడు 137 మంది కలిసి సంతకాలు చేసి వారిని ఖండించారు. పూర్వపక్షసిద్ధాంతాలకు అలవాటుపడిన మనవారికి ఇది వింతగా తోచదు.

ఇక చెదల మాట. మహబూబాబాద్ జిల్లా గూడూరు, కొత్తగూడ ప్రాంతపు పల్లెలలో తొలకరి కురిసిన సాయంత్రం దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్ళు ఈ చెదల రెక్కల సంతానమే. పక్షులు, బల్లులు, మనుష్యులు తినగా మిగిలిన ఏ కొద్ది జంటలో రెక్కలు రాల్చి నేలలో దూరతాయి. అక్కడినుండి రాజు, రాణి జీవితాంతం ఆ చీకటి గదిలో కలిసి ఉంటారు. ఇక్కడ మూడు పాళ్ళ లెక్క లేదు. మగవానికీ తండ్రి ఉన్నాడు. తోబుట్టువు సగం, సంతానం సగం, అచ్చం మనుష్యులవలెనే. దంపతులు మారనంతకాలం తోబుట్టువును పెంచినా బిడ్డను పెంచినా పాలు సమానమే. ఇది విని ఏకపత్నీవ్రతానికి జీవశాస్త్రం జేజేలు పలికిందని సంబరపడేవారు ఉంటారు. వారు తొందరపడకుందురు గాక! గోడల మధ్య బందీలైన జంటకు వ్రతమేమిటి?

కుటుంబం కలహరహితమని మన పురాణాలు ఏనాడూ చెప్పలేదు. అదే జిల్లా కురవిలో కొలువైన వీరభద్రుడు మామ అల్లుని అవమానించిన తగవులోనుండి ఆవిర్భవించినవాడు. మహాభారతం దాయాదుల కథ. రామాయణంలో ఇద్దరు తమ్ముళ్ళు అన్నలను విడిచారు, ఒక తమ్ముడు అన్న వెంట అడవికి నడిచాడు. సహకారం, సంఘర్షణ ఒకే రక్తంలో ప్రవహిస్తాయని ఋషులకు హామిల్టన్ చెప్పవలసిన అవసరం లేకపోయింది. వారు గుణకారం చేయలేదు గాని ఆ ముడిని చూశారు.

ఇప్పుడు ఈ దృష్టాంతాన్ని ఎవరెవరికి చెబుతున్నారో చూడాలి. కొత్తకోడలికి తేనెటీగవలె ఉండమని చెబుతున్నారు. తేనెపట్టులో కోడలు లేదు. అక్కడ పనిచేసేవారందరూ కన్నకూతుళ్ళు. పుట్టింటిలోనే పుట్టి, పుట్టింటిలోనే పనిచేసి, అక్కడే మరణిస్తారు. పరాయి పట్టు ఈగ గుమ్మంలోకి వస్తే కావలి ఈగలు కుడతాయి. సగోత్రవివాహం కూడదని శాసించి, రక్తసంబంధం లేని ఇద్దరి మధ్య అగ్నిసాక్షిగా ఏర్పడిన బంధంపై గృహస్థాశ్రమాన్ని నిలిపినది మన ధర్మశాస్త్రం. అత్తమామలకు కోడలు చేసే శుశ్రూషను ఏ కీటకపు లెక్కా వివరించలేదు. ఆమె మనసారా చేస్తే అది తేనెటీగకు అందనంత ఎత్తైన కార్యం. బలవంతాన చేయిస్తే తేనెటీగ పేరు చెప్పి చేసిన దోపిడి. రెండింటిలో ఏదైనా పురుగుతో పోల్చడం ఆమెకు అవమానం.

సేవాశిబిరంలోని యువకునికీ ఇదే వర్తిస్తుంది. అతనికి ఆ సంస్థ తల్లి కాదు, దాని ఆస్తి అతని చెల్లెలు కాదు. ఊరూ పేరూ తెలియని యాత్రికునికి అన్నం పెట్టడానికి అతడు ఎండలో నిలబడితే, ఆ పని చేస్తున్నది అతనిలోని వివేకం. దానిని జంతుప్రవృత్తిగా కుదించి, ఆ పేరుతో వేళాపాళా లేని చాకిరీ చేయించి, అడిగినవానిని అహంకారి అనడం గురుసంప్రదాయం కాదు. ఉపనిషత్తులలో శిష్యులు అడుగుతూనే ఉంటారు. కులసభల సంగతి సరేసరి. చీమలవలె ఒక్కటి కండి అనేవారు ఒక మాట చెప్పకుండా దాస్తారు: చీమలు పక్క పుట్ట చీమలను చంపుతాయి.

ఇట్లా అంటే శాస్త్రాలలోనే కీటకదృష్టాంతాలు లేవా అని ఆక్షేపించవచ్చు. ఉన్నాయి. వాటిని సరిగా చదివితే ఈ వాదమే బలపడుతుంది. శతపథబ్రాహ్మణంలో, వింటిపై తల ఆనించి నిలిచిన విష్ణువు అల్లెత్రాడును కొరకడానికి చెదలు ముందుకు వస్తాయి. రావడానికి ముందు ప్రతిఫలం ఏమిస్తారని దేవతలను అడుగుతాయి. ఎడారిలోనైనా తవ్వినచోట నీరు దొరికే వరం పొందిన తరువాతనే త్రాడు కొరికాయి. (పుట్టను బట్టి భూగర్భజలాన్ని గుర్తించే విధం వరాహమిహిరుని బృహత్సంహితలోనూ ఉన్నది.) బేరమాడిన చెదను బేరమాడినట్లే చూపినది బ్రాహ్మణం, దానికి త్యాగాన్ని అంటగట్టలేదు.

ప్రశ్నోపనిషత్తు ప్రాణం లేవగా ఇంద్రియాలన్నీ లేవడాన్ని, రాజు లేవగా తేనెటీగలన్నీ లేవడంతో పోల్చింది. అక్కడ ఉన్నది పుంలింగం. నేటి కొందరు అది రాణియేనని ఋషికి తెలుసునని వ్యాకరణాన్ని వంచుతారు. మరికొందరు ఋషికి తెలియలేదని నవ్వుతారు. ఇద్దరికీ దృష్టాంతమర్యాద తెలియదు. దృష్టాంతం వివక్షితమైన అంశం మేరకే చెల్లుతుందని, అన్ని అంశాలలో సామ్యం ఉంటే అది దృష్టాంతమే కాదని భాష్యకారులు బ్రహ్మసూత్రభాష్యంలో స్పష్టం చేశారు. గుంపుతో రాణి లేకపోతే లేచిన తేనెటీగలు వెనుకకు మరలుతాయి. ఉపనిషత్తుకు కావలసినది అంతవరకే.

భాగవతం ఏకాదశస్కంధంలో అవధూత యదువుకు చెప్పిన ఇరువదినలుగురు గురువులలో తేనెటీగ ఉన్నది. (బమ్మెరవారి తెలుగు భాగవతంలో ఈ స్కంధం పోతన శిష్యుడైన వెలిగందల నారయ రచన.) అవధూత తేనెటీగనుండి నేర్చినది ఏమిటి? ఒక్కచోట కాక, ఎవరికీ భారం కాకుండా కొంచెం కొంచెంగా గ్రహించడం ఒకటి. కూడబెట్టినది కూడబెట్టినవానితో సహా నశిస్తుందన్న హెచ్చరిక రెండవది. సేవ అన్న మాట అక్కడ లేనేలేదు. తేనెటీగ నిలువ చేసే గుణాన్ని సన్న్యాసికి నిషేధంగా చూపాడు అవధూత. నిలువలు పెంచే సంస్థలు ఆ ఈగనే చిహ్నంగా ఎత్తుకొంటున్నాయి.

అదే అవధూత గురువులలో ఒక పావురం ఉన్నది. దానిపై దృష్టి నిలిపితే ఈ వివాదం మొత్తం తేలిపోతుంది. వేటగాని వలలో పిల్లలు చిక్కగా తల్లి పావురం వాటికోసం వలలో పడింది. భార్యాపుత్రులు లేని బ్రతుకెందుకని తండ్రి పావురమూ పడింది. హామిల్టన్ లెక్కలో ఇది సహజం. ప్రవచనపు లెక్కలో త్యాగపరాకాష్ఠ కావాలి. అవధూత మాత్రం దీనిని త్యాగమనలేదు. అతిస్నేహం వలన కలిగిన వినాశం అన్నాడు. వివేకం లేని కుటుంబాసక్తికి అది నిదర్శనమన్నాడు.

శాంతిపర్వంలో ఇంకొక పావురం ఉన్నది. వేటగాడు దాని భార్యను పంజరంలో పెట్టుకొని, చలికి వణుకుతూ అదే చెట్టు క్రిందకు చేరాడు. పంజరంలోని ఆడపావురమే, వచ్చినవాడు అతిథి, శరణాగతుడు, ఆదరించుమని భర్తకు చెప్పింది. మగపావురం నిప్పు తెచ్చి, ఆకలిగొన్నవానికి పెట్టడానికి ఏమీ లేక, ఆ నిప్పులో తానే ప్రవేశించింది. భీష్ముడు దీనిని ధర్మంగా ధర్మరాజుకు వినిపించాడు. యుద్ధకాండలో విభీషణుడు శరణు వేడినప్పుడు, ఆపదలో ఉన్న అన్నను విడిచినవాడు ఇక ఎవరిని విడువడు అని సుగ్రీవుడు శంకించగా, శ్రీరాముడు తలచుకొన్నది ఈ పావురాన్నే. సుగ్రీవుని శంక పుట్టలోని లెక్క. రాముని సమాధానానికి ఆ లెక్కతో పని లేదు.

ఇద్దరు పావురాలూ చచ్చిపోయాయి. ఒకటి తనవారికోసం, ఒకటి తనవారిని బంధించినవానికోసం. మొదటిదానిని మోహమన్నారు, రెండవదానిని ధర్మమన్నారు. మన సంప్రదాయం గీసిన గీత ఇంత స్పష్టంగా ఉండగా, తేనెపట్టులోని స్వజనపోషణను తెచ్చి గీతకు ఆవలి వైపున నిలబెట్టే సాహసం ఎక్కడినుండి వచ్చింది?

రెండవ వైపునుండి వచ్చే పొరపాటును కూడా ప్రస్తావించక తప్పదు. తల్లిప్రేమ జన్యువుల లెక్క మాత్రమేనని, ధర్మమంటే మారువేషంలోని స్వార్థమని కొందరు విజ్ఞానం పేరుతో చెబుతారు. కూలి ఈగ మనసులో ఏ గుణకారమూ లేదు. కోట్ల సంవత్సరాల జననమరణాల వడపోతలో ఒక ప్రవృత్తి నిలిచింది, మరొకటి నిలవలేదు. దానిని స్వార్థమనడం ఎంత ఆరోపణో, త్యాగమనడమూ అంతే ఆరోపణ. ప్రవృత్తి ఎట్లా వచ్చిందో చెప్పినంతమాత్రాన, దానిని చూచి ఎదిరించగల సాక్షి ఎవరో చెప్పినట్లు కాదు. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలున్నాయి: ఒకటి కాలునిది, ఒకటి ముక్తీశ్వరునిది. ఈ వాదులకు మొదటిది మాత్రమే కనబడుతుంది. ప్రవచనకర్తలు మొదటిదానికే రెండవదాని పేరు పెట్టి పూజిస్తున్నారు. అక్కడి అర్చకులు మాత్రం రెండింటికీ వేర్వేరుగా అభిషేకం చేస్తారు.

వల్మీకంనుండి బయటకు వచ్చిన ఋషి తరువాతి జీవితం ఉత్తరకాండలో ఉన్నది. భర్త విడిచిన, నిండు గర్భిణి అయిన ఒక స్త్రీ గంగాతీరంలో ఏడుస్తుండగా ఆయన ఆశ్రమానికి తోడ్కొనిపోయాడు. ఆమె ఆయనకు కూతురు కాదు, చెల్లెలు కాదు. అక్కడ పుట్టిన ఇద్దరు పిల్లలలో ఆయన రక్తపు పాలు ఏమీ లేదు. వారిని పెంచి, వేదం చెప్పి, ఇరువదినాలుగు వేల శ్లోకాల కావ్యాన్ని వారి కంఠంలో నిలిపాడు. చివరకు అశ్వమేధశాలలో, ఆమెను శంకించిన మహాసభ ఎదుట నిలబడి, ఈమెలో దోషమే ఉంటే అనేక సహస్ర సంవత్సరాల నా తపస్సు నిష్ఫలమగు గాక అని ప్రమాణం చేశాడు.